చాప మీదికి రాని పంట

తొమ్మిది చెట్లు. మూడేళ్ల కిందట కొండకు నిప్పంటుకుని మా తీజి ఊమాలు ఊరి చుట్టూ ఉన్న పచ్చదనమంతా మాడి మసైనప్పుడు, నా తోటలోని ముప్పై ఒక్క అంజూర చెట్లలో మిగిలినవి ఆ తొమ్మిదే. మిగిలాయని అనడానికి కూడా లేదు, ఉత్త మోడులు. మా మరిది బెలైద్ వచ్చి, ఒకదాన్ని కాలితో తన్ని చూసి, "నరికేద్దాం వదినా, పొయ్యిలోకన్నా పనికొస్తాయి," అన్నాడు.

"వాటితో పాటు నన్నూ పెట్టు పొయ్యిలో," అన్నాను.

మా దగ్గర ఆడదానికి నేల రాదు. మొగుడు పోతే అది మొగుడి అన్నదమ్ములది. నా మొగుడు పోయి పదకొండేళ్లయింది. చెట్లు కాస్తున్నంతకాలం వాటి కాపు తిని బతకమని తోట నాకు వదిలారు. చెట్లు కాలిపోగానే బెలైద్ నేల అడిగాడు. తోట రోడ్డు పక్కనే ఉంది కదా, ఊరికొచ్చే వాళ్ల కార్లు నిలపడానికి బాగుంటుందట. ఊరి సభ కూర్చుంది. అందరిలోకీ పెద్దవాడు అమొక్రాన్ తాత తీర్పు చెప్పాడు. మూడో వేసవి దాకా గడువు. ఆ వేసవిలో అంజూరాలు కోసే రోజున జెజ్జిగ పండ్లు ఎండబెట్టే చాపల మీద పంట కనబడితే తోట ఆమె బతికినంత కాలం ఆమెది. కనబడకపోతే బెలైద్‌ది. జెజ్జిగ అంటే నేనే.

మూడేళ్లు. దిగువ ఊట నుంచి గాడిద మీద డబ్బాలతో నీళ్లు మోశాను. గాడిద ముసలిదై చచ్చిపోతే నా వీపు మీద మోశాను. కాలిన బెరడు గీకి, బంకమట్టి మెత్తి, చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాను. ఈ జూన్‌లో మగ అంజూరాలను ఊరంతా తిరిగి అడుక్కుని, దండలు గుచ్చి కొమ్మ కొమ్మకూ వేలాడదీశాను. వాటిలోంచి చిన్న ఈగలు ఎగిరి ఆడకాయల్లోకి దూరితేనే మా కాయ నిలబడుతుంది, లేకపోతే గోలీ అంత ఉన్నప్పుడే రాలిపోతుంది. నిలబడ్డాయి. జూలై వచ్చేసరికి తొమ్మిదింటికి తొమ్మిదీ విరగకాశాయి. ఒక సాయంత్రం చెట్టు కింద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాను. సంతోషానికే.

ఇక మా ఊరి కట్టుబాటు సంగతి. పండు పండినా సరే, సభ కోత రోజును చాటించేదాకా ఎవరూ కొయ్యకూడదు. తన చెట్టయినా సరే. మంచి కట్టుబాటే, నేను కాదనను. ఒకప్పుడు తన చెట్టు పేరు చెప్పి పక్కవాడి చెట్టు దులిపేవాళ్లు. అందుకని రెండు చెట్లున్న ముసలమ్మా, రెండొందల చెట్లున్న ఆసామీ ఒకే పొద్దున ఒకేసారి బుట్ట పట్టుకోవాలని పెట్టారు. ముందే కోస్తే జరిమానా, ఆపైన వెలి. వెలి అంటే దుకాణంలో ఉప్పు కూడా అమ్మరు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. ఆ రోజును పూర్వం చెట్లను చూసి పెట్టేవాళ్లు. నలుగురు ముసలాళ్లు తోటలన్నీ తిరిగి, పండును వేళ్లతో నొక్కి చూసి అప్పుడు సరే అనేవాళ్లు.

ఈ ఏడు ఎవరూ తోటలోకి రాలేదు. బెలైద్ వచ్చాడు, అదీ రోడ్డు మీదికి, నిచ్చెన వేసుకుని కరెంటు స్తంభానికి గుడ్డ కట్టడానికి. దాని మీద రాసి ఉంది: 'మన నేల పంట తిందాం, మన రైతును బతికిద్దాం. తీజి ఊమాలు అంజూరాల పండుగ, ఆగస్టు ఇరవై ఐదు.' అతనే పండుగ సంఘానికి అధ్యక్షుడు. జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తాడట, టీవీ వాళ్లు వస్తారట. కోత మొదలుపెట్టే రోజు కూడా అదేనట. అధికారి చేతి మీదుగా మొదటి పండు కోయిస్తారట!

ఆగస్టు మొదటి వారంలోనే ఎడారి మీది నుంచి వేడిగాలి లేచింది. తొమ్మిది రోజులు ఆగకుండా కొట్టింది. నెలన్నర పాటు విడతలు విడతలుగా పండవలసిన కాయలన్నీ ఒక్కసారిగా పండడం మొదలెట్టాయి. పొద్దున పచ్చగా ఉన్నది మర్నాటికి చీలి తేనె కారుతోంది. కందిరీగలు మూగుతున్నాయి. నేను పరుగున సభ దగ్గరికి వెళ్లాను. మగవాళ్లు రాతి అరుగుల మీద చల్లగా కూర్చున్నారు. ఆడవాళ్లం గుమ్మం బయట నిలబడే మాట్లాడాలి. నిలబడ్డాను.

"అయ్యా, చెట్లు ఆగట్లేదు. కోత ఎల్లుండికి పెట్టండి," అన్నాను.

"అధికారి గారి తారీకు ఖాయమైపోయింది వదినా. ఇప్పుడెలా మారుస్తాం?" అన్నాడు బెలైద్.

"అంజూరానికి నీ అధికారి ఎవరో తెలీదు మరిదీ. అది పండింది."

మగవాళ్లు నవ్వారు. నవ్వులాటగా ఉంది వాళ్లకి!

"పోనీ, ఇప్పుడే వచ్చి నా చెట్లు చూడండి. కాపు ఉందా లేదా మీ కళ్లతోనే చూడండి. తీర్పు ఇప్పుడే చెప్పేయండి. తర్వాత రాలిపోతే రాలిపోనీ," అన్నాను.

అమొక్రాన్ తాత లేవబోయాడు. బెలైద్ ఆయన భుజం మీద చెయ్యేసి ఆపాడు. "తాతా, మనం ఏమనుకున్నాం? చాపల మీద, కోత రోజున. చెట్టు మీద ఉన్నది పంటెలా అవుద్ది? చాప మీదికొస్తేనే పంట. మాట అంటే మాటే కదా."

తాత కూర్చుండిపోయాడు. "మాట అదే తల్లీ," అన్నాడు, నా వైపు చూడకుండా.

బెలైద్ కావాలని చేశాడా అంటే, ఒట్టేసి చెబుతున్నా, లేదు. వాడికి నా గడువు గుర్తే లేదు, నేను గుర్తు చేసేదాకా. వాడి బుర్ర నిండా టీవీ. కావాలని చేసి ఉంటే కనీసం నేనొకదాన్ని ఉన్నానని అనుకున్నట్టయ్యేది. ఇది అది కూడా కాదు. రైతును బతికిద్దాం అని గుడ్డ మీద రాసుకుని, ఎదురుగా నిలబడ్డ రైతును ఈగను తోలినట్టు తోలేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక లారీ రోడ్డు పక్కన ఆగింది. డ్రైవరు దిగి మంచినీళ్లు అడిగాడు. పేరు లఖ్దర్ అట, దిగువ మైదానం వాడు, పుచ్చకాయలు తోలుతున్నాడు. నీళ్లు తాగుతూ తలెత్తి చెట్టు వైపు చూశాడు. అతని చూపు చూసి నాకు జాలేసింది. "కోసుకు తిను నాయనా," అనేశాను. అన్నాక కట్టుబాటు గుర్తొచ్చింది. ఆ వెంటనే కట్టుబాటులోని రెండో ముక్క కూడా గుర్తొచ్చింది. నిండు చూలాలికీ, జబ్బు మనిషికీ, అతిథికీ అడ్డు లేదు. చెట్టు కింద నిలబడి ఎన్నైనా తినొచ్చు. ఒక్కటి కూడా గోడ దాటి పోకూడదు, అంతే.

లఖ్దర్ పదమూడు తిన్నాడు. తిని, వేళ్లు నాకి, జేబులో చెయ్యి పెట్టి నోటు తీశాడు.

"లోపల పెట్టు! అతిథి దగ్గర డబ్బు తీసుకుంటే ఊళ్లో తలెత్తుకోగలనా?"

"ఊరికే ఎట్లా తినాలి పెద్దమ్మా? ఇంత మంచి పండు నా జన్మలో తినలే."

అప్పుడే నా బుర్రలో ఆ ఆలోచన దూరింది. "ఊరికే కాదులే. ఈ నెల ఇరవై ఐదున పొద్దున్నే మా ఊరి చౌకు దగ్గరికి రా. జెజ్జిగ చెట్ల పండు తిన్నానని నలుగురిలో చెప్పు. అదే నువ్వు నాకిచ్చే డబ్బు."

"అంతేనా? మా మేనల్లుణ్ణి కూడా తీసుకొస్తా."

ఇక ఆ రోజు నుంచి నేను రోడ్డు మీదే ఉన్నాను. ఎర్ర చారల గుడ్డ నడుముకు బిగించి, లారీ వస్తే చెయ్యెత్తడం, బస్సు వస్తే అడ్డం నిలబడడం. "దిగండి, మా ఊరి అతిథులు మీరు, తినకుండా ఎక్కడికి పోతారు?" కొందరు పిచ్చిదాన్నని తప్పుకుపోయారు. చాలామంది దిగారు. పెళ్లివాళ్లు, సైనికులు, బడి పంతులమ్మలు, సముద్రానికి పోయే కుర్రాళ్లు. చెట్టు కింద నిలబెట్టి, మెత్తగా పండిందేదో, ఇంకో పూట ఆగాల్సిందేదో చూపించి తినిపించాను. బార్లీ రొట్టె, ఆలివ్ నూనె కూడా ముందు పెట్టాను. ఎంత తినిపించినా సగం నేల పాలే. ఒక్కదాన్ని ఎంతమందిని ఆపగలను? అయినా, కందిరీగలకు పోయేది మనుషుల నోట్లోకి పోతోందన్న తృప్తి. ప్రతి ఒక్కరికీ అదే మాట, ఇరవై ఐదు, చౌకు, నోటితో సాక్ష్యం.

ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. బెలైద్ ఒక రోజు కారాపి, అద్దం దించి అరిచాడు. "ఏంటి వదినా ఈ భాగోతం? రోడ్డు మీద బిచ్చమెత్తుకునేదానిలా! రేపు పెద్దోళ్లొస్తుంటే నా పరువేంకాను?"

"బిచ్చమెత్తట్లేదు మరిదీ, పెడుతున్నా. తేడా తెలీదా నీకు? దిగు, నువ్వూ తిను. ఆ, నువ్వు అతిథివి కాదుగా, పో మరి!"

అద్దం ఎత్తేసి పోయాడు.

ఇరవై ఐదో తారీకు వచ్చింది. నా తొమ్మిది చెట్లలో ఏడు బోడి. నీడన ఉన్న రెంటి మీద మాత్రం కొన్ని మిగిలాయి. పొద్దున తొమ్మిదింటికి నాలుగు నల్ల కార్లు, ఒక టీవీ వ్యాను మలుపు తిరిగాయి. నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ముందు కారు కీచుమని ఆగింది. లోపల అధికారి, బట్టతల, ముఖాన చెమట.

"ఎవరమ్మా నువ్వు? తప్పుకో!" అన్నాడు డ్రైవరు.

"ఊరి మొదటి ఇల్లు నాది. ఈ ఇంట ఏమీ తినకుండా అతిథి ఊళ్లోకి పోడు. దిగండి."

టీవీ అమ్మాయి నవ్వుతూ ముందు దిగింది. ఆ వెనకే అధికారి కూడా దిగక తప్పలేదు. పాపం, ఆయన మీద నాకేం కోపం లేదు. పండు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "మా అమ్మమ్మ ఊళ్లో తిన్నాను ఇట్లాంటిది," అని ఇంకోటి అడిగాడు. ఆయన నాలుగు తిన్నాక, నేను కూడా టీవీ వ్యాను ఎక్కేశాను, ఎవరూ పిలవకుండానే.

చౌకులో రంగు కాగితాలు, మైకు, తెల్ల గుడ్డ పరిచిన బల్ల. బల్ల మీద పళ్లేల నిండా అంజూరాలు, అన్నీ ఒకే సైజు, అన్నీ ఒకే రంగు. చూడగానే తెలిసిపోయింది. మా కొండ కాపు ఎప్పుడూ అలా ఉండదు. దిగువ పట్టణం టోకు మార్కెట్ సరుకు అది. పచ్చిగా ఉండగానే కోసి పెట్టెల్లో మగ్గేసిన సరుకు. ఊరి చెట్ల మీద పండు లేకపోయేసరికి బెలైద్ ముందు రోజు వ్యాను పంపి తెప్పించాడు.

బెలైద్ మైకు అందుకున్నాడు. "మన నేల రుచి! మన రైతు చెమట!" అంటూ ఒక పండు తీసి అధికారికి ఇచ్చాడు. ఆయన కొరికాడు, నమిలాడు, మింగలేక నిలబడ్డాడు. "ఇదేంటండీ, ఇందాక దారిలో తిన్నది ఇలా లేదే?" అన్నాడు. మైకు తెరిచే ఉంది. ఊరంతా విన్నది.

ఇక నన్నెవరు ఆపుతారు? మైకు దగ్గరికి నడిచాను. "ఎందుకుంటుంది బాబూ? అది ఊరి పండు కాదు, కొనుక్కొచ్చిన పండు! ఊరి పండు రెండు వారాల కిందే పండింది. కొయ్యొద్దన్నారు, మీరొస్తారని! మీ కోసం దాచి దాచి మట్టిపాలు చేశారు! రైతును బతికిస్తాడట! ఏ రైతును రా మరిదీ, ఆ టోకు వ్యాపారినా?"

"వదినా, ఆపు! మతి పోయిందా నీకు?" బెలైద్ మైకు మూసేయబోయాడు. మీట ఎక్కడుందో దొరకలేదు. తర్వాత గొంతు పెంచి అన్నాడు, "సరే, కోత రోజు వచ్చిందిగా. చాపలు చూపించు. ఏవీ నీ చాపలు? పంటేదీ?"

నేను జనం వైపు తిరిగాను. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు, "నా కడుపులో ఉంది!"

లఖ్దర్. పక్కన మేనల్లుడు. వాళ్ల వెనక ఇద్దరు సైనికులు, ఒక పంతులమ్మ, పెళ్లికొడుకు తండ్రి. మూడొందల మందికి పైగా చెప్పాను. వచ్చింది ఇరవై ఆరుగురు. చాలు.

"తాతా, చాప ఎందుకు వేస్తారు? ఎండబెట్టి నోట్లో పెట్టుకోడానికే కదా?" అమొక్రాన్ తాత ముందు నిలబడి అడిగాను. "నేను చాప దాటేసి నేరుగా నోటికి పెట్టాను. కట్టుబాటు తప్పానా? గోడ దాటి ఒక్క పండు పోయిందని ఎవరినైనా చెప్పమనండి!"

తాత కర్ర మీద లేచాడు. "జెజ్జిగ చెట్ల పండు తిన్నవాళ్లు చేతులెత్తండి."

ఇరవై ఆరు చేతులు లేచాయి. ఆ తర్వాత టీవీ అమ్మాయిది. ఆ తర్వాత, ఒకసారి అటూ ఇటూ చూసుకుని, అధికారిది.

"పంట ఉంది," అన్నాడు తాత. "తోట జెజ్జిగది, బతికినంతకాలం. ఇక నోళ్లు ముయ్యండి."

ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఎవరో నన్ను ఎత్తబోయారు. మధ్యాహ్నం దాకా నేను నేల మీద నడిచానో లేదో నాకే తెలీదు. ఇంటికొస్తూ పక్క తోట మల్హా గోడ మీదుగా చూశాను. మల్హాకి ఉన్నవి రెండే చెట్లు, ఒక చెవిటి కూతురు, ఒక మేక. వంగి, చీలిపోయి పులిసిన అంజూరాలను నేల మీంచి ఏరి బేసిన్‌లో వేస్తోంది, మేకకు పెట్టడానికి. చేతుల నిండా చీమలు.

"ఇదేంటే మల్హా? ఒక్కటి కూడా దక్కలేదా?"

"కోత రోజు ఈవేళే కదా అక్కా," అంది, తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. "రోజూ గోడ పక్కనే ఉన్నావు, నేను రోడ్డు మీద అరుస్తుంటే వింటూనే ఉన్నావు. నువ్వూ నాలుగు లారీలు ఆపలేకపోయావా? నోట్లో నాలుక లేదా నీకు?"

మల్హా బేసిన్ కింద పెట్టింది. "నీ నాలుక నాకెక్కడిది అక్కా? అన్ని లారీలు ఆపావు. ఒక్కదాన్ని నా గోడ వైపు తిప్పావా?"

నిజమే. పన్నెండు రోజులు నా చెట్లు, నా తోట, నా సాక్ష్యాలు. మల్హా గుర్తు రాలేదు. బెలైద్‌కి నేను ఎంత గుర్తున్నానో నాకు మల్హా అంతే గుర్తుంది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రాత్రి నా చెంప నేనే వాయించుకున్నాను.

తెల్లారి సభ దగ్గరికి వెళ్లాను. మగవాళ్లు ఇంకా రాలేదు. గుమ్మం దాటి లోపలికి పోయి రాతి అరుగు మీద, బెలైద్ కూర్చునే చోట కూర్చున్నాను. మా ఊరు పుట్టిన తర్వాత అక్కడ ఆడది కూర్చోలేదు. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

"వదినా, తోట నీకొచ్చేసిందిగా. ఇంకా ఏం కావాలి?" బెలైద్ గొంతు కీచుగా ఉంది.

"కోత రోజు. వచ్చే ఏడు చెట్లను చూసి పెడతామని ఇప్పుడే రాయండి. చూసేవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, చెట్లున్నవాళ్లు. రాసేదాకా లేవను."

"ఇది మగవాళ్లు కూర్చునే చోటు జెజ్జిగా," అన్నాడు తాత మెల్లగా.

"తెలుసు తాతా. చల్లగా ఉంది."

ఎవరూ లోపలికి రాలేదు. వెనక్కీ పోలేదు. ఎండ గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు మల్హా బజారు మీదుగా మేకను తోలుకుంటూ వెళుతోంది. కేకేశాను.

"ఏయ్ మల్హా! ఇట్రా. జరుగుతాను, చోటుంది."

మల్హా ఆగింది. గుమ్మంలోని మగవాళ్లను చూసింది, నన్ను చూసింది. మేక పలుపు తెచ్చి బెలైద్ చేతిలో పెట్టి, "కాస్త పట్టుకో నాయనా," అని లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.